ట్రేసింగ్ బఫర్లు: సైజు పెంచాలా, సంఖ్య పెంచాలా?

కరీంనగర్ నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వెళ్తాను. ఎనిమిది కోర్లు, 16 జీబీ మెమరీ ఉన్న లినక్స్ సర్వరుపై ఎల్‌టీటీఎన్‌జీ అనే ట్రేసింగ్ సాధనంతో మీరు కెర్నల్ ట్రేస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో జరిగే ఒక్కో సంఘటన (ఈవెంట్) చిట్టా, తీస్తున్నారు. కెర్నల్ ఈవెంట్లన్నీ ఆన్ చేశారు. ఒక నిమిషం ట్రేస్ దాదాపు 6 జీబీ వస్తోంది, అది డేటాబేస్ ఉన్న ఎస్ఎస్‌డీ మీదికే వెళ్తోంది. ట్రేస్‌ను చదివి చూపే బాబెల్‌ట్రేస్‌తో తెరిస్తే, ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం వరకు ఇన్ని వేల ఈవెంట్లు పోయాయని హెచ్చరికలు కనిపిస్తున్నాయి. ఈవెంట్లు డిస్కుకు వెళ్లేలోపు ఆగే మెమరీ ముక్క అయిన సబ్-బఫర్ సైజును 256 కేబీ దగ్గరే ఉంచి, సంఖ్యను 4 నుంచి 32కు పెంచినా నష్టం ఆగలేదు. సైజు పెంచాలా, సంఖ్య పెంచాలా, దీనికి ఒక లెక్క ఉందా అని మీరు అడిగారు.

సూటిగా చెబుతాను. నిండినప్పుడు కొత్త ఈవెంట్లను వదిలేసే డిస్కార్డ్ మోడ్‌లో సంఖ్యను 4 దగ్గర, మహా అయితే 8 దగ్గర ఆపి, సైజును పెంచండి. నిండినప్పుడు పాతవాటిని చెరిపేసే ఓవర్‌రైట్ మోడ్‌లో మాత్రం సంఖ్యకు నిజమైన విలువ ఉంది, అక్కడ 8 లేదా 16 పెట్టండి. ఒక్కో కోర్‌కు మొత్తం ఎంత కావాలన్నది ఒక గుణకారంతో తేలుతుంది: అత్యంత రద్దీగా ఉన్న కోర్‌లో, రద్దీ ఎక్కువగా ఉన్న వేళ, సెకనుకు ఎన్ని ఎంబీల రికార్డులు పుడతాయో చూసి, ఆ సంఖ్యను ట్రేస్‌ను డిస్కుకు చేర్చే కన్స్యూమర్ అత్యధికంగా ఎన్ని సెకన్లు నిలిచిపోతుందో దానితో గుణించి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. అయితే మీ విషయంలో ఇంకొక మాట ఉంది. మొత్తం బఫర్‌ను ఎనిమిది రెట్లు పెంచినా నష్టం తగ్గలేదంటే, మీ సమస్య చాలావరకు బఫర్‌లో లేదు, డిస్కు దగ్గర ఉంది.

ఎందుకో చెప్పాలంటే బఫర్ చేసే పనిని సరిగ్గా చూడాలి. ఒక్కో కోర్‌కు ఒక రింగ్ బఫర్ ఉంటుంది, దాన్ని సమాన భాగాలుగా కోసినవే సబ్-బఫర్లు. ఆ కోర్‌లో జరిగే ఈవెంట్లు ఒక సబ్-బఫర్‌లో వరుసగా రాయబడతాయి, అది నిండగానే రాత తర్వాతి దానిలోకి మారుతుంది, నిండినదాన్ని కన్స్యూమర్ డీమన్ (వెనుక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) తీసుకుని డిస్కుకో, నెట్‌వర్క్ మీదుగా ఇంకో యంత్రానికో పంపి, ఖాళీ చేసి తిరిగి ఇస్తుంది. ఇందులో బఫర్ ఎక్కడా వేగాన్ని పెంచదు. వచ్చే వేగానికీ పోయే వేగానికీ మధ్య ఉన్న తేడాను కొంతసేపు మోస్తుంది, అంతే. మన వైపు చెరువుల లెక్క కూడా ఇదే. వరద వచ్చినప్పుడు తూము పట్టనంత నీటిని చెరువు కొన్ని గంటలు ఆపుతుంది, నిండితే మత్తడి దూకుతుంది. కట్ట ఎత్తు పెంచితే మత్తడి దూకే సమయం వాయిదా పడుతుంది కానీ తూము పెద్దది కాదు.

ఇప్పుడు మీ అంకెలు పెట్టి చూద్దాం. నిమిషానికి 6 జీబీ అంటే సెకనుకు 100 ఎంబీ, ఎనిమిది కోర్లకు సమానంగా పంచితే కోర్‌కు 12.5 ఎంబీ. మొదట మీ దగ్గర కోర్‌కు 256 కేబీల చొప్పున నాలుగు, అంటే 1 ఎంబీ ఉంది, అది 80 మిల్లీసెకన్లకు నిండిపోతుంది. 32 చేశాక కోర్‌కు 8 ఎంబీ అయింది, అది 640 మిల్లీసెకన్లు ఆపుతుంది. డేటాబేస్ చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డిస్కుకు దించడం) రాస్తున్న ఎస్ఎస్‌డీ దగ్గర కన్స్యూమర్ ఒక సెకను ఆగిపోవడం వింతేమీ కాదు. పైగా ఈ 100 ఎంబీ అన్నది డిస్కుకు చేరినది మాత్రమే. పోయిన ఈవెంట్లను కూడా కలిపితే అసలు పుట్టినది అంతకంటే ఎక్కువ. ఉదాహరణకు సెకనుకు 120 పుట్టి 100 మాత్రమే పోతున్నాయనుకుంటే, సెకనుకు 20 ఎంబీ పేరుకుంటూ ఉంటుంది. అప్పుడు మీరు మొత్తం 512 ఎంబీ బఫర్ పెట్టినా పాతిక సెకన్లకు అది నిండి, ఆ తర్వాత మళ్లీ మునుపటి లాగే నష్టం మొదలవుతుంది.

కాబట్టి అంకెలు మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. బాబెల్‌ట్రేస్ హెచ్చరికల్లో ఉన్న సమయాలను వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. ట్రేస్ మొదలైన కొద్ది సేపటి నుంచి చివరి దాకా ఎడతెగకుండా నష్టం కనిపిస్తే, సగటున పుట్టేదే పోయేదానికంటే ఎక్కువ ఉందని అర్థం, అక్కడ ఏ బఫరూ మిమ్మల్ని కాపాడదు. నష్టం గుంపులుగా వచ్చి, మధ్యలో పొడవైన శుభ్రమైన విరామాలు ఉంటే, సగటు బాగానే ఉంది, అప్పుడప్పుడు వచ్చే రద్దీకో నిలుపుదలకో బఫర్ చాలడం లేదని అర్థం. ఈ రెండో రకానికే సైజు పెంచడం మందు. రెండు రోగాలకూ లక్షణం ఒకేలా కనిపించడం వల్ల చాలామంది మొదటి రోగానికి రెండో మందు వేస్తూ పోతారు.

నేను హనుమకొండలో ఉంటూ పదిహేనేళ్లుగా మిల్లుల్లో నడిచే యంత్రాల కంట్రోల్ సాఫ్ట్‌వేరు, వాటి వెనుక ఉండే చిన్న సర్వర్లు చూస్తున్నాను. గుంపులుగా వచ్చే నష్టాన్ని నేను మొదటిసారి సరిగ్గా చదివింది ఒక జిన్నింగ్ మిల్లులో పెట్టిన గేట్‌వే బోర్డు మీద. నాలుగు కోర్ల ఆర్మ్ బోర్డు, 1 జీబీ మెమరీ, ట్రేస్ మెమరీ కార్డు మీదికి పోయేది. సగటున సెకనుకు 2 ఎంబీ పుట్టేది, కార్డు సగటున 10 ఎంబీ రాయగలదు, అంటే లెక్క ప్రకారం నష్టమే ఉండకూడదు. అయినా నష్టం వచ్చేది. హెచ్చరికల సమయాలను వరుసగా రాస్తే దాదాపు ప్రతి 30 సెకన్లకు ఒక గుంపు కనిపించింది. లినక్స్‌లో మెమరీలో మాత్రమే మారి డిస్కుకు చేరని పేజీలు డిఫాల్టుగా 30 సెకన్లు పాతబడ్డాక రాతకు సిద్ధమవుతాయి. అవన్నీ ఒక్కసారిగా కార్డు మీదికి వెళ్లే వేళ కార్డు 800 మిల్లీసెకన్ల దాకా మూగబోయేది. రద్దీగా ఉన్న కోర్‌లో సెకనుకు 1.2 ఎంబీ పుడుతోంది కాబట్టి 0.8తో గుణిస్తే 1 ఎంబీకి కాస్త తక్కువ, రెట్టింపు చేస్తే 2 ఎంబీ. అక్కడ ఉన్నది కోర్‌కు 512 కేబీ మాత్రమే. దాన్ని 512 కేబీల చొప్పున నాలుగుగా మార్చాక ఆ మిల్లు ట్రేసుల్లో నష్టం మళ్లీ కనిపించలేదు. నాలుగు కోర్లకు కలిపి పట్టింది 8 ఎంబీ.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న: మొత్తం ఒకటే అయినప్పుడు, 32 చిన్నవాటికీ 4 పెద్దవాటికీ తేడా ఏమిటి? డిస్కార్డ్ మోడ్‌లో మోయగలిగిన బరువు రెండింటికీ దాదాపు ఒకటే. కానీ ఒక సబ్-బఫర్ నుంచి ఇంకొకదానికి మారడం ఉచితంగా జరగదు. ప్రతి మార్పుకూ ట్రేసర్ కొంత పని చేయాలి, కన్స్యూమర్ నిద్రలేవాలి, ట్రేస్ ఫైలులో ఆ సబ్-బఫర్ ఒక ప్యాకెట్‌గా దాని హెడర్‌తో సహా చేరాలి. చివర్లో తర్వాతి రికార్డు పట్టనంత చిన్న ఖాళీ మిగిలితే అది వృథాగా పోతుంది. సెకనుకు 12.5 ఎంబీ పుట్టే కోర్‌లో 256 కేబీ సబ్-బఫర్ సెకనుకు 50 సార్లు మారుతుంది. 2 ఎంబీది సెకనుకు సుమారు ఆరుసార్లే మారుతుంది. రద్దీ ముదిరినప్పుడు, అంటే మీకు ట్రేసర్ తక్కువ పని చేయాలని ఉన్న వేళలోనే, ఈ తేడా మీద పడుతుంది.

అలాగని సంఖ్యను 2కు తగ్గించమని చెప్పను. కన్స్యూమర్ ఒక సబ్-బఫర్‌ను చదువుతున్నంతసేపు అది రాతకు దొరకదు. రెండే ఉంటే, ఒకటి చదువుతుండగా రాతకు మిగిలేది ఒక్కటే, అది నిండితే ఈవెంట్లు పోతాయి, మీరు కేటాయించిన మెమరీలో సగం కీలకమైన క్షణంలో చేతికి అందదు. నాలుగు ఉంటే మూడు వంతులు అందుతాయి, ఎనిమిది ఉంటే ఎనిమిదింట ఏడు వంతులు. నాలుగు నుంచి ఎనిమిదికి పోతే వచ్చే లాభం చిన్నది, ఎనిమిది దాటాక అది దాదాపు కనిపించదు. ఇంకొక కారణం కూడా ఉంది. సబ్-బఫర్ నిండేదాకా కన్స్యూమర్ దాన్ని ముట్టుకోదు, కాబట్టి రెండు పెద్ద ముక్కలు పెడితే ఖాళీ చేసే పని చాలా ఆలస్యంగా మొదలవుతుంది. ఈ రెండు కారణాలవల్లే నేను నాలుగు దగ్గర నిలబడతాను.

రికార్డు సైజు గురించి చాలామంది పట్టించుకోరు, కానీ గుణకారంలో సగం అదే. షెడ్యూలర్ ఒక పనిని ఆపి ఇంకొకదాన్ని నడిపినప్పుడు పుట్టే షెడ్ స్విచ్ ఈవెంట్‌ను దగ్గరగా చూడండి. పోతున్న పని పేరుకు 16 బైట్లు, వస్తున్న పని పేరుకు 16, రెండు టీఐడీలకు (థ్రెడ్ నంబర్లకు) 8, రెండు ప్రయారిటీలకు 8, పోతున్న పని స్థితికి 8, అంటే లోపల 56 బైట్లు, చిన్న హెడర్ 4 కలిపితే 60. సెకనుకు లక్ష స్విచ్‌లు జరిగే కోర్‌లో ఈ ఒక్క ఈవెంటే 6 ఎంబీ. దీనికి ప్రాసెస్ పేరును కాంటెక్స్ట్‌గా (ప్రతి ఈవెంట్‌కూ అదనంగా అంటించే సమాచారంగా) జోడిస్తే ఇంకో 16 బైట్లు, అంటే పావు వంతుకు పైగా పెరుగుతుంది, పైగా ఆ పేరు అప్పటికే ఈవెంట్ లోపల ఉంది. కాంటెక్స్ట్ జోడించే ప్రతిసారీ ఈ లెక్క వేసుకోండి. అలాగే సబ్-బఫర్ సైజు మీ అతిపెద్ద రికార్డుకంటే పెద్దదిగా ఉండాలి. పొడవైన స్ట్రింగులు రాసే యూజర్ స్పేస్ (కెర్నల్ బయట నడిచే మామూలు) ప్రోగ్రాముల్లో 4 కేబీ సబ్-బఫర్ పెడితే, బఫర్ ఖాళీగా ఉన్నా ఆ పెద్ద రికార్డు ఎప్పటికీ పట్టదు.

కొలవడం కష్టమేమీ కాదు. మామూలు పని నడుస్తుండగా పది సెకన్లు ట్రేస్ తీయండి. ట్రేస్ ఫోల్డరులో ఛానల్ (ఒకే బఫర్ అమరికను పంచుకునే ఈవెంట్ల గుంపు) పేరు చివర 0, 1, 2 అని అంకెలతో కోర్‌కు ఒక ఫైలు ఉంటుంది. వాటి సైజులు పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు ఎప్పుడూ ఒకటి రెండు కోర్లు మిగతావాటికంటే చాలా లావుగా ఉంటాయి, నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టులు పడే కోర్ అయితే మరీను. మీరు చూడాల్సింది సగటు కోర్‌ను కాదు, ఆ లావు కోర్‌ను, ఎందుకంటే ఛానల్‌లో అన్ని కోర్లకూ ఒకే సైజు పెట్టాలి. ఆ లావు ఫైలులోని ఈవెంట్లను పది మిల్లీసెకన్ల గడులుగా విడదీసి లెక్కపెడితే సగటు ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది. పది సెకన్ల సగటు 3 ఎంబీ చూపించే కోర్‌లో కొన్ని గడులు సెకనుకు 20 ఎంబీ వేగంతో నిండటం నేను మామూలుగా చూస్తుంటాను.

కన్స్యూమర్ నిలుపుదల కాలాన్ని కొలవడానికి నేను వాడే పద్ధతి ఒకటే. ట్రేస్ వెళ్లే డిస్కు మీద, అసలు పని నడుస్తుండగా, ఒక చిన్న ప్రోగ్రాముతో 1 ఎంబీ ముక్కలు వరుసగా రాయించి, ఒక్కో రాతకు పట్టిన సమయాన్ని నమోదు చేస్తాను. అరగంట నడిపితే అందులో అతిపెద్ద అంకె మీ నిలుపుదల. దీన్ని ఖాళీ యంత్రం మీద కొలిస్తే ఏమీ తెలియదు. డేటాబేస్ చెక్‌పాయింట్, బ్యాకప్, లాగ్ రొటేషన్ అన్నీ జరిగే సమయంలోనే కొలవాలి.

ఇక మీ సర్వరు విషయానికి వస్తే, మొదట చేయాల్సింది పుట్టే ఈవెంట్లను తగ్గించడం. అన్ని కెర్నల్ ఈవెంట్లూ ఆన్ చేయడం వల్ల ఒక చిక్కు కూడా వస్తుంది: కన్స్యూమర్ డిస్కుకు రాసే ప్రతి రాత కూడా సిస్టమ్ కాల్‌గా, బ్లాక్ ఐఓగా, షెడ్యూలర్ స్విచ్‌గా మళ్లీ ట్రేస్‌లోకి వస్తుంది, అంటే ట్రేస్ తననే తాను పోషించుకుంటుంది. మీరు వెతుకుతున్నది క్వెరీ ఆలస్యం అయితే షెడ్ స్విచ్, షెడ్ వేకింగ్ (పనిని నిద్రలేపడం), ఇంటరప్టులు, డిస్కు అభ్యర్థనల మొదలు, ముగింపు, ఎంచుకున్న కొన్ని సిస్టమ్ కాల్స్ చాలు. రెండోది, ట్రేస్‌ను డేటాబేస్ డిస్కు నుంచి తప్పించండి. చిన్న ట్రేస్ అయితే మెమరీలో నడిచే ఫైల్ సిస్టమ్ మీదికి, పెద్దదైతే రిలే డీమన్ ద్వారా నెట్‌వర్క్ మీద ఇంకో యంత్రానికి పంపండి. మీకు 16 జీబీ ఉంది కాబట్టి ఒక నిమిషపు తగ్గించిన ట్రేస్ మెమరీలో హాయిగా పడుతుంది.

మూడోది నేను మరీ మరీ చెప్పేది. అరుదైన, విలువైన ఈవెంట్లను వేరే ఛానల్‌లో పెట్టండి. ఒకే ఛానల్‌లో సెకనుకు లక్షసార్లు వచ్చే షెడ్ స్విచ్, గంటకు రెండుసార్లు వచ్చే మీ ప్రోగ్రాము ఎర్రర్ ఈవెంట్ కలిసి ఉంటే, బఫర్ నిండినప్పుడు ట్రేసర్ ఆ రెండింటి మధ్య తేడా చూడదు. వేరే ఛానల్ అంటే వేరే బఫర్. 64 కేబీల చొప్పున రెండో నాలుగో పెట్టినా ఆ అరుదైన ఈవెంట్ భద్రంగా ఉంటుంది. తక్కువ వేగంతో వచ్చే ఛానల్‌కు చిన్న సైజు, చిన్న సంఖ్య సరిపోతాయి, అక్కడ మెమరీ పోయడం దండగ.

ఇవి చేశాక మీ లావు కోర్ రద్దీ వేళ సెకనుకు 6 ఎంబీకి దిగిందనీ, నిలుపుదల 2 సెకన్లనీ అనుకుందాం. గుణిస్తే 12, రెట్టిస్తే 24. సైజు, సంఖ్య రెండూ 2, 4, 8, 16 వరుసలో ఉండాలి, కాబట్టి 8 ఎంబీల చొప్పున నాలుగు తీసుకుంటే కోర్‌కు 32 ఎంబీ, ఎనిమిది కోర్లకు 256 ఎంబీ. కన్స్యూమర్ ఒకదాన్ని పట్టుకుని కూర్చున్నా రాతకు 24 మిగులుతుంది, మన లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మీరు 3 ఎంబీ అని ఇస్తే ఎల్‌టీటీఎన్‌జీ దాన్ని 4కు పెంచుతుంది, ఆ పెరుగుదలను కోర్ల సంఖ్యతో గుణించి చూసుకోండి. ఛానల్ ఒకసారి తయారయ్యాక దాని సైజు, సంఖ్య మారవు. సెషన్ తీసేసి కొత్తగా చేయాలి, చేశాక లిస్ట్ కమాండుతో నిజంగా ఎంత పడిందో చూడాలి.

ఓవర్‌రైట్ మోడ్ లెక్క పూర్తిగా వేరు. అక్కడ మనం ఏదీ బయటికి పంపము. బఫర్ తిరుగుతూ ఉంటుంది, తప్పు జరిగిన క్షణంలో స్నాప్‌షాట్ (అప్పుడు బఫర్‌లో ఉన్నదాని నకలు) తీసి వెనుక జరిగినది చూస్తాము. రాత పాత సబ్-బఫర్‌లోకి అడుగుపెట్టగానే అందులో ఉన్నదంతా ఒక్కసారిగా పోతుంది. అంటే మీకు ఖాయంగా దొరికే చరిత్ర మొత్తం బఫర్ కాదు, అందులోంచి ఒక సబ్-బఫర్ తీసేయగా మిగిలినది. రెండు పెడితే సగమే ఖాయం, ఎనిమిది పెడితే ఎనిమిదింట ఏడు వంతులు.

సుల్తానాబాద్ దగ్గర ఒక రైస్ మిల్లులో ఉన్న సార్టెక్స్ యంత్రం దీన్ని నాకు అంకెలతో చూపించింది. బియ్యం జారుతుండగా కెమెరా రంగు మారిన గింజను పట్టుకుంటుంది, కింద గాలి వాల్వు ఆ గింజను ఊది పక్కకు నెడుతుంది. కెమెరాకూ వాల్వుకూ మధ్య ఉన్న వ్యవధి మిల్లీసెకన్లలో ఉంటుంది. షిఫ్టుకు ఒకటి రెండుసార్లు వాల్వులు ఆలస్యంగా తెరుచుకుని మంచి బియ్యం రిజెక్ట్ గొట్టంలో పడేది. నాలుగు కోర్ల బోర్డు, మెమరీ తక్కువ. కంట్రోల్ ప్రోగ్రాము ఆలస్యాన్ని గుర్తించగానే తానే స్నాప్‌షాట్ తీసేలా పెట్టాము. మొదట కోర్‌కు 2 ఎంబీల చొప్పున రెండు సబ్-బఫర్లు ఇచ్చాము. రద్దీ కోర్‌లో సెకనుకు 700 కేబీ పుట్టేది, 4 ఎంబీ అంటే ఆరు సెకన్ల చరిత్ర దొరుకుతుందని ఆశించాము. రెండు స్నాప్‌షాట్లు వచ్చాయి, రెండింటిలోనూ మూడు సెకన్లు కూడా లేవు, ఆలస్యానికి మూలమైన భాగం తెగిపోయింది. అదే 4 ఎంబీని 512 కేబీల చొప్పున ఎనిమిదిగా కోశాక ఖాయమైన చరిత్ర 3.5 ఎంబీ, అంటే ఐదు సెకన్లు అయింది. తర్వాతి స్నాప్‌షాట్‌లో విషయం స్పష్టంగా కనిపించింది: ఆలస్యానికి నాలుగు సెకన్ల ముందు, తూకం రికార్డులను కార్డుకు ఖచ్చితంగా చేర్చమని అడిగే ఒక ప్రోగ్రాము అదే కోర్‌లో పని మొదలుపెట్టింది, ఆ రాతను మోస్తున్న కెర్నల్ పని వాల్వుల థ్రెడ్‌ను వెనక్కి నెట్టింది. దాన్ని వేరే కోర్‌కు మార్చాము, వాల్వులు సరిగ్గా తెరుచుకున్నాయి. ఒక్క బైటు కూడా అదనంగా ఖర్చు కాలేదు, కోత మాత్రమే మారింది.

మెమరీ లెక్క పూర్తిగా చెప్పాలంటే ఇంకొక మాట ఉంది. ఓవర్‌రైట్ మోడ్‌లో చదివేవారి కోసం కోర్‌కు ఒక సబ్-బఫర్ అదనంగా కేటాయించబడుతుంది. ఎనిమిది అడిగితే తొమ్మిది పడతాయి, నాలుగు కోర్లకు 16 కాకుండా 18 ఎంబీ. రెండు పెద్దవి పెట్టినప్పుడు అదే అదనం కోర్‌కు 2 ఎంబీ ఉండేది, కాబట్టి మొత్తం మెమరీ 24 నుంచి 18కి తగ్గింది కూడా. స్నాప్‌షాట్ చదివేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి: ఖాళీగా ఉన్న కోర్‌లో నిమిషాల చరిత్ర ఉంటుంది, రద్దీ కోర్‌లో సెకన్లదే ఉంటుంది. అన్ని కోర్లనూ కలిపి చూడగలిగే కిటికీ రద్దీ కోర్ ఇచ్చినంతే. దానికంటే వెనకటి భాగంలో ఒక కోర్ నిశ్శబ్దంగా కనిపిస్తే, అది పని చేయలేదని కాదు, దాని రికార్డులు చెరిగిపోయాయని అర్థం చేసుకోవాలి.

యూజర్ స్పేస్ ట్రేసింగ్‌లో కోర్ల లెక్క ఇంకొక విధంగా దెబ్బ తీస్తుంది. బఫర్లు యంత్రంలో ఉండగలిగే అన్ని కోర్లకూ కేటాయించబడతాయి, మీ కంటైనరుకు ఇచ్చిన వాటా చూసి కాదు. రెండు సీపీయూలు ఇచ్చిన కంటైనరే అయినా, కింద ఉన్న యంత్రం 64 కోర్లదైతే, 1 ఎంబీల చొప్పున నాలుగు పెట్టినప్పుడు 256 ఎంబీ పోతుంది. ఆ బఫర్లు షేర్డ్ మెమరీలో ఉంటాయి, డాకర్ కంటైనరుకు అది డిఫాల్టుగా 64 ఎంబీయే. కన్స్యూమర్ డీమన్‌ను కంటైనరు లోపలే నడిపే వాళ్లు షేర్డ్ మెమరీ పరిమితిని ముందే పెంచుకోవాలి. ఒక్క ఈవెంటూ పోకూడదు, ప్రోగ్రాము కాస్త నెమ్మదించినా పర్వాలేదు అనుకునే చోట, బఫర్ నిండితే ప్రోగ్రాము ఆగి వేచి ఉండే ఏర్పాటు యూజర్ స్పేస్ ఛానళ్లకు ఎల్‌టీటీఎన్‌జీ 2.10 నుంచి ఉంది. టెస్టింగ్‌లో అది చాలా ఉపయోగం, నడుస్తున్న సర్వీసు మీద మాత్రం వాడకండి.

లినక్స్ కెర్నల్‌లోనే ఉండే ట్రేసర్ ఎఫ్‌ట్రేస్ వాడేవాళ్లకు ఇందులో సగం ప్రశ్నే ఉండదు. అక్కడ చిన్న ముక్కలు డిఫాల్టుగా ఒక్కో మెమరీ పేజీ అంత ఉంటాయి, మనం పెట్టేది కోర్‌కు ఎన్ని కేబీ అన్న ఒకే అంకె, డిఫాల్టుగా 1408. ఆ అంకె మొత్తానికి కాదు, ఒక్కో కోర్‌కు. ఒక్కో కోర్ స్టాట్స్ ఫైలులో ఓవర్‌రన్ అనే వరుస సున్నా కాకపోతే చెరిగిపోయినవి ఉన్నాయని అర్థం. పెర్ఫ్ అనే ఇంకో లినక్స్ సాధనంలో అయితే మామూలుగా పేజీల సంఖ్య ఇస్తాము, అదీ 2, 4, 8 వరుసలోనే.

సైజు పెద్దదిగా పెట్టినప్పుడు ట్రేస్‌ను లైవ్‌గా చూసేవాళ్లకు ఒక ఇబ్బంది వస్తుంది. ఖాళీ కోర్‌లో 8 ఎంబీ నిండడానికి నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా ఆ కోర్ ఈవెంట్లు తెర మీదికి రావు. అందుకు లైవ్ టైమర్ ఉంది, నిండకపోయినా నిర్ణీత వ్యవధికి సబ్-బఫర్‌ను మార్చేస్తుంది. దాన్ని ఒక సెకను దగ్గర పెట్టండి. పది మిల్లీసెకన్లు పెడితే పెద్ద సబ్-బఫర్ పెట్టిన ప్రయోజనమంతా పోయి, సగం ఖాళీ ప్యాకెట్లతో ట్రేస్ నిండిపోతుంది. మీ సర్వరులో లైవ్ అవసరం లేదని ప్రశ్నను బట్టి అనిపిస్తోంది, లేకపోతే టైమర్ జోలికి పోకండి.

ముందుగా ఇప్పుడున్న ట్రేస్‌లోనే హెచ్చరికల సమయాలు, ఎనిమిది ఛానల్ ఫైళ్ల సైజులు చూసి ఇక్కడ రాయండి. నష్టం ఎడతెగకుండా ఉందా, గుంపులుగా ఉందా, లావు కోర్ ఏది అన్న రెండు సంగతులు తెలిస్తే మీ ఈవెంట్ల జాబితాలో ఏది తీసేయాలో, 8 ఎంబీ చాలుతుందో లేదో నేను ఖచ్చితంగా చెప్పగలను.